అప్పట్లో అంతేనా?

పాతకాలం నేపథ్యంగా వచ్చే సినిమానో, సీరియల్‌నో చూస్తున్నప్పుడు ప్రేక్షకుల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: అప్పట్లో అంతే. తెర మీద ఒక మగవాడు తప్పు చేస్తే అతన్ని వదిలేయడానికి ఆ మాట పనికొస్తుంది. ఒక ఆడమనిషికి అన్యాయం జరిగితే జాలిపడి ఊరుకోవడానికీ అదే మాట. ఆ రోజులు పోయాయి, మనం బాగుపడ్డాం అని ఊపిరి పీల్చుకోవడానికీ అదే. ఒకే మాట ఇన్ని అవసరాలు తీరుస్తున్నదంటే దాన్ని నిలదీసి చూడాల్సిందే. అందుకు 'మ్యాడ్ మెన్' అనే అమెరికన్ టీవీ సిరీస్ మంచి సందర్భం. న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలోని ఒక ప్రకటనల ఏజెన్సీ ఆఫీసులో 1960 నుంచి 1970 దాకా నడిచే కథ అది. మాథ్యూ వైనర్ సృష్టించిన ఆ సిరీస్ 2007 జులై 19న ఏఎంసీ ఛానల్‌లో మొదలై 2015 మే 17న ముగిసింది. 7 సీజన్లు, 92 భాగాలు. 2008 నుంచి 2011 దాకా వరుసగా 4 సార్లు ఉత్తమ డ్రామా సిరీస్‌గా ఎమ్మీ అవార్డు గెలుచుకుంది.

ఆ ఎనిమిదేళ్లలో ఆ ఆఫీసు మనుషుల మీద ప్రేక్షకులు ఇచ్చిన తీర్పులు ఒక పెద్ద సామాజిక సంభాషణగా మారాయి. పత్రికలు రాశాయి, విశ్వవిద్యాలయాలు చర్చించాయి, ఒక అమెరికా అధ్యక్షుడు తన ప్రసంగంలో ఆ సిరీస్ పేరు ఎత్తాడు. డాన్ డ్రేపర్‌ను మెచ్చుకున్నారు, బెట్టీని తిట్టుకున్నారు, పెగ్గీని చూసి గర్వపడ్డారు, జోన్ గురించి వాదులాడుకున్నారు. తీర్పు ఏదైనా దాని వెనక ఒక నమ్మకం ఉంది. 1960ల్లో మనుషులందరూ ఒకేలా ఆలోచించేవారని, ఇంకోలా బతకడం వాళ్ల ఊహకే అందదని. ఆ నమ్మకం తప్పని మాడిసన్ అవెన్యూ అసలు చరిత్రే చెబుతుంది. ఆ సిరీస్‌లో కనిపించే ప్రతి అన్యాయాన్నీ అన్యాయమని తెలుసుకుని, వద్దన్నవాళ్లూ ఎదురు నిలిచినవాళ్లూ ఆ రోజుల్లోనే, ఆ వీధిలోనే ఉన్నారు. కాబట్టి 'అప్పట్లో అంతే' అన్నది 1960ల గురించిన వాస్తవం కాదు. 2007 తర్వాతి ప్రేక్షకులు తమ కోసం తయారుచేసుకున్న ఊరట.

మొదట డాన్, బెట్టీ దంపతుల సంగతి చూద్దాం. కొరియా యుద్ధంలో చనిపోయిన మరొకరి పేరు దొంగిలించి బతుకుతున్న మనిషి డాన్. భార్యకు అబద్ధాలు చెబుతాడు, పరాయి స్త్రీలతో తిరుగుతాడు, పిల్లల పుట్టినరోజు మధ్యలో కారెక్కి మాయమవుతాడు. అయినా ప్రేక్షకులు అతని సూటును, మౌనాన్ని, క్లయింట్ల ముందు నిలబడి మాట్లాడే తీరును ప్రేమించారు. గిరీశం మాటకారితనానికి మురిసిపోయి అతని పనులు మరచిపోయే అలవాటున్న తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచదు. 2011లో బనానా రిపబ్లిక్ అనే బట్టల సంస్థ ఈ సిరీస్ పేరుతోనే దుస్తులు అమ్మింది. అంతకుముందు ఏడాది మాటెల్ సంస్థ డాన్, బెట్టీ, రోజర్, జోన్ పాత్రలతో బార్బీ వరస బొమ్మలు తెచ్చింది. తెర మీద పాత్రల వేళ్ల మధ్య ఎప్పుడూ వెలుగుతుండే సిగరెట్టు ఆ బొమ్మల చేతుల్లో లేదు. గతాన్ని కొనుక్కునేటప్పుడు ఏది ఉంచుకోవాలో, ఏది తీసేయాలో కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ బాగా తెలుసని ఆ బొమ్మలే సాక్ష్యం.

బెట్టీకి ఆ అదృష్టం దక్కలేదు. బ్రిన్ మార్ కాలేజీలో మానవశాస్త్రం చదివి, ఇటలీలో మోడల్‌గా పనిచేసి, శివారు పట్టణంలోని పెద్ద ఇంట్లో గృహిణిగా మిగిలిపోయిన స్త్రీ ఆమె. మంచి తల్లి కాదని, మంచుముద్దలాంటి మనిషని ప్రేక్షకులు ఏళ్ల తరబడి కోప్పడ్డారు. ఆమె కూతురితో కటువుగా ఉంటుందన్నది నిజమే. కానీ ఇంట్లో ఉండి తప్పు చేసే తల్లి మీద చూపినంత కోపం, అసలు ఇంట్లోనే లేని తండ్రి మీద చూపలేదు. మొదటి సీజన్‌లో బెట్టీ చేతులు మొద్దుబారిపోతుంటే డాన్ ఆమెను మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతాడు. ఆమె సోఫాలో పడుకుని చెప్పుకున్న మాటలను ఆ డాక్టరు సాయంత్రం ఫోన్‌లో డాన్‌కు అప్పగిస్తాడు. అది చూసి నిర్ఘాంతపోయినవాళ్లు కూడా చివరికి ఆ రోజుల్లో భార్యలకు ఆ పాటి గౌరవమే ఉండేదని సర్దుకున్నారు. అయితే రోగి రహస్యాన్ని కాపాడాలన్న నియమం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లోనే తన నీతి నియమావళిలో రాసుకుంది. అంటే ఆ డాక్టరు చేసింది కాలధర్మం కాదు, తన వృత్తిధర్మాన్ని తప్పడం. కాలేజీ చదువుకుని ఇంటికి పరిమితమైన స్త్రీల అసంతృప్తి గురించి బెట్టీ ఫ్రీడాన్ తన 1942 నాటి సహాధ్యాయినులను 1957లోనే ప్రశ్నించి వివరాలు సేకరించింది. ఆ కృషి 1963లో 'ది ఫెమినైన్ మిస్టీక్' పుస్తకమై వచ్చింది. అందులో ఒక అధ్యాయం ప్రకటనల వ్యాపారం మీదే. బెట్టీ డ్రేపర్ బాధకు పేరు లేదని మనం అనుకుంటున్నప్పటికే దాన్ని వెతికేవాళ్లు పనిలో ఉన్నారు.

ప్రేక్షకులను ఎక్కువగా ఉలికిపరిచిన రెండు చిన్న దృశ్యాలున్నాయి. ఒకదానిలో డ్రై క్లీనింగ్ నుంచి వచ్చిన ప్లాస్టిక్ సంచిని నెత్తి మీంచి తొడుక్కుని చిన్నారి సాలీ ఆడుకుంటూ తల్లి ముందుకొస్తుంది. ఇస్త్రీ బట్టలు నేల మీద పడేసి ఉంటే ఊరుకోనని బెట్టీ మందలిస్తుంది. సంచి గురించి ఒక్క మాట లేదు. రెండోదానిలో కుటుంబమంతా పచ్చిక మీద విందు చేసుకుని లేస్తుంది. డాన్ బీరు డబ్బాను దూరంగా విసిరేస్తాడు, బెట్టీ దుప్పటి దులిపి చెత్తంతా గడ్డి మీదే వదిలేస్తుంది, కొత్త కారు వెళ్లిపోతుంది, కాగితాలు అక్కడే మిగులుతాయి. పాపం అప్పటివాళ్లకు తెలియదు అన్నారు చూసినవాళ్లు. తెలుసు. ప్లాస్టిక్ సంచుల్లో ఊపిరాడక పసిపిల్లలు చనిపోయిన వార్తలు 1959లో అమెరికన్ పత్రికల నిండా వచ్చాయి. ప్లాస్టిక్ పరిశ్రమే స్వయంగా తల్లిదండ్రులను హెచ్చరిస్తూ ప్రచారం చేయాల్సి వచ్చింది. ఇక చెత్త వేయవద్దని చెప్పే 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' సంస్థ 1953లోనే పుట్టింది. తెలియక చేసే తప్పుకూ, తెలిసి పట్టించుకోకుండా చేసే తప్పుకూ చాలా తేడా ఉంది. మనకు పాతకాలపు అమాయకత్వంలా కనిపించేదానిలో ఎక్కువ భాగం రెండో రకం.

ఈ తేడా సిగరెట్ల విషయంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. సిరీస్ మొదటి భాగమే లక్కీ స్ట్రైక్ సిగరెట్లకు కొత్త ప్రకటన వెతకడంతో మొదలవుతుంది. పొగాకు ప్రాణం తీస్తుందని చెప్పే పరిశోధన నివేదికను డాన్ చెత్తబుట్టలో పడేస్తాడు. చివరి నిమిషంలో 'ఇట్స్ టోస్టెడ్' అనే వాక్యం అతనికి తట్టి సమావేశం గెలుస్తాడు. ఆ వాక్యం నిజానికి 1917 నుంచే లక్కీ స్ట్రైక్ ప్రకటనల్లో ఉంది. కథ కోసం దాన్ని 1960కి తేవడం నాటకీయ స్వేచ్ఛ, దానితో పేచీ లేదు. పేచీ ఉన్నది ఆ దృశ్యం మిగిల్చే భావంతో. పొగాకు హాని గురించి 1960లో ఇంకా గుసగుసలే వినబడేవని చూసినవాళ్లకు అనిపిస్తుంది. కానీ పొగాకుకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని రీడర్స్ డైజెస్ట్ 1952లోనే ఇంటింటికీ చేర్చింది. 1953 డిసెంబరులో సిగరెట్ కంపెనీల అధిపతులు న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో కూర్చుని జనంలో అనుమానం ఎలా రేకెత్తించాలో మాట్లాడుకున్నారు. 1954 జనవరి 4న 400కు పైగా పత్రికల్లో తమ సరుకు హానికరం కాదని నమ్ముతున్నామంటూ పేజీ నిండా ప్రకటన వేశారు. ఆ ప్రకటన రాయించింది ప్రచార వ్యాపారంలో ఉన్నవాళ్లే. తెలియనివాళ్లు ఇంత కట్టుదిట్టంగా ఖండనలు రాయించుకోరు.

మరి తెలిసిన ప్రకటనల మనుషులంతా డాన్ లాగే చేశారా? ఇక్కడ ఎమర్సన్ ఫుట్ అనే మనిషిని గుర్తు చేసుకోవాలి. ఫుట్, కోన్ అండ్ బెల్డింగ్ ఏజెన్సీ వ్యవస్థాపకుల్లో ఒకడు. లక్కీ స్ట్రైక్ తయారుచేసే అమెరికన్ టొబాకో కంపెనీ వాళ్లకు అన్నిటికంటే పెద్ద క్లయింటు, ఏటా కోటి డాలర్లకు పైబడిన వ్యాపారం. ఆ క్లయింటును ఫుట్ ఏజెన్సీ 1948లో తానే వదులుకుంది. తర్వాత ఆయన మెకాన్ ఎరిక్సన్ అనే మహా ఏజెన్సీకి ఛైర్మన్ అయ్యాడు. పొగతాగడం గురించి అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వెలువడిన 1964లో, సిగరెట్లు అమ్మే పనిలో ఇక భాగం పంచుకోలేనని ఆ పదవి వదిలేశాడు. ఆ పైన పొగాకు వ్యతిరేక ప్రచారంలోనే పనిచేశాడు. డేవిడ్ ఓగిల్వీ ఏజెన్సీ అదే ఏడాది సిగరెట్ ప్రకటనలు తీసుకోబోమని చెప్పింది. బిల్ బెర్న్‌బాక్ నడిపిన డీడీబీ ఏజెన్సీ కూడా ఆ వ్యాపారానికి దూరంగా నిలిచింది. నాలుగో సీజన్‌లో లక్కీ స్ట్రైక్ చేజారిపోయాక డాన్ పొగాకు మానేస్తున్నానని న్యూయార్క్ టైమ్స్‌లో లేఖ వేయించినప్పుడు అది గొప్ప ఎత్తుగడ అని ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. పోయిన క్లయింటును వదులుకున్నట్టు చాటుకోవడం ఎత్తుగడ. ఉన్న క్లయింటును వదులుకోవడం నైతికత. ఆ రెండోది చేసినవాళ్లు ఆ వీధిలోనే ఉండగా మొదటిదాన్ని ఆ కాలపు ధైర్యానికి కొలమానంగా తీసుకోవడం ఫుట్ లాంటివాళ్లకు అన్యాయం.

ఇప్పుడు పెగ్గీ ఓల్సన్ దగ్గరికి వద్దాం. 1960 మార్చిలో డాన్ సెక్రటరీగా చేరిన బ్రూక్లిన్ అమ్మాయి. ఒక లిప్‌స్టిక్ కంపెనీ కోసం ఆఫీసులోని అమ్మాయిలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి రంగులు పూసుకుని చూడమంటారు. గోడకున్న అద్దానికి అవతల మగవాళ్లు గ్లాసులు పట్టుకుని వాళ్లను చూస్తూ నవ్వుకుంటుంటారు. అందరూ వెళ్లాక పెదాల గుర్తులు పడ్డ కాగితాలతో నిండిన చెత్తబుట్టను డాన్‌కు అందిస్తూ పెగ్గీ దాన్ని ముద్దుల బుట్ట అంటుంది. ఆ ఒక్క మాటలో ప్రకటన ఉందని ఆ ఆఫీసులోని కాపీ రైటర్ ఫ్రెడ్డీ రమ్సన్ కనిపెడతాడు. పియానో వాయించే కుక్కను చూసినంత వింతగా ఆ సంగతి తోటివాళ్లకు చెబుతాడు. అక్కడి నుంచి పెగ్గీ కాపీ రైటర్ అవుతుంది, పదేళ్లలో పైకెదుగుతుంది. ఆమెను దారి లేని చోట దారి వేసిన మొదటి మనిషిగా ప్రేక్షకులు గుండెలకు హత్తుకున్నారు. ఆ అభిమానంలో ఆమె కంటే ముందు ఎవరూ లేరన్న ఊహ కలిసిపోయింది. యుద్ధం తర్వాత ఈ ఆఫీసులో ఆడపిల్ల కాపీ రాయడం ఇదే మొదలు అన్న మాట సిరీస్‌లోనే వస్తుంది. అంటే యుద్ధకాలంలో రాసినవాళ్లున్నారు. వాళ్లేమయ్యారన్న ప్రశ్న మాత్రం వేయాల్సినంత గట్టిగా ఎవరూ వేయలేదు.

ఆ ప్రశ్న వేసి వెనక్కి వెళితే కథ మారిపోతుంది. హెలెన్ లాన్స్‌డౌన్ 1908లో సిన్సినాటిలో జె. వాల్టర్ థామ్సన్ ఏజెన్సీలో కాపీ రైటర్‌గా చేరి, 1911లో న్యూయార్క్ కార్యాలయానికి వచ్చింది. వుడ్‌బరీ సబ్బుకు ఆమె రాసిన ప్రకటనలు అమెరికన్ ప్రకటనల చరిత్రలో ఒక మలుపు. సరుకు గుణాలు ఏకరువు పెట్టే చోట తాకాలనిపించే చర్మం అనే కోరికను నిలబెట్టిన ప్రకటనలవి. తర్వాత స్టాన్లీ రీసర్‌ను పెళ్లాడి, ఆయనతో కలిసి ఏజెన్సీని నడిపింది. స్త్రీలే పనిచేసే ఒక ప్రత్యేక కాపీ విభాగాన్ని పెంచింది. స్త్రీల ఓటు హక్కు కోసం జరిగిన ఊరేగింపుల్లో తన సహోద్యోగినులను వెంటబెట్టుకుని నడిచింది. మగవాళ్ల క్లబ్బులు రానివ్వకపోతే న్యూయార్క్ ప్రకటనల స్త్రీలు 1912లోనే సొంత సంఘం పెట్టుకున్నారు. 1947లో వజ్రం శాశ్వతమని డి బీర్స్‌కు రాసిచ్చిన ఫ్రాన్సిస్ గెరెటీ ఎన్.డబ్ల్యూ. అయర్ ఏజెన్సీలో కాపీ రైటర్. 1949లో డీడీబీ పుట్టినప్పుడు దాని మొదటి కాపీ చీఫ్ ఫిలిస్ రాబిన్సన్ అనే స్త్రీ. మాడిసన్ అవెన్యూ తన ఆధునికతకు చిహ్నంగా చెప్పుకునే ఆ సంస్థలో యువ రచయితలను తీర్చిదిద్దింది ఆమె. పెగ్గీ చేరేనాటికి ఈ చరిత్రకు యాభై ఏళ్లు.

అయితే ఆ స్త్రీల బతుకులు నల్లేరు మీద నడకేమీ కావు. షిర్లీ పోలికాఫ్ 1956లో క్లెరాల్ జుట్టు రంగుకు రాసిన ప్రచారాన్నే తీసుకోండి. ఆమె రంగు వేసుకుందా, వేసుకోలేదా అని ఊరించే ప్రశ్న అది. జుట్టుకు రంగేయడం మర్యాదస్తుల పని కాదనుకునే రోజుల్లో ఆమె ప్రకటన బొమ్మలో తల్లి పక్కన బిడ్డను నిలబెట్టింది. ఆ బిడ్డ ఉండటంతో ఆ ప్రశ్నలోని కొంటెతనం ఇంటింటి ఆడవాళ్లకు చెల్లుబాటైంది. అమ్మకాలు ఊపందుకున్నాయి, ఆమె ఏజెన్సీలో అందరికంటే విలువైన రచయితల్లో ఒకరైంది. ఆమె పనిచేసింది ఎమర్సన్ ఫుట్ పేరున్న ఆ ఫుట్, కోన్ అండ్ బెల్డింగ్‌లోనే. అయినా భర్త సంపాదన కంటే తన జీతం ఎక్కువ కాకూడదని ఆమె తనకు తానే హద్దు గీసుకుంది. ఆయన పోయాకే ఆ జీతం పెరిగింది. ఇంతటి మనిషికే ఆ హద్దు తప్పలేదంటే కాలం బరువు చిన్నది కాదని ఒప్పుకోవాలి. కానీ ఆ బరువు మోస్తూనే ఆమె చేసిన పని ఎవరూ ఊహించలేనిదేమీ కాదు. ఆ ఏజెన్సీ ఆ పనికి జీతమిచ్చింది, దాని మీద డబ్బు సంపాదించింది.

మేరీ వెల్స్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. డీడీబీలో రాటుదేలి జాక్ టింకర్ అండ్ పార్ట్‌నర్స్ అనే ఏజెన్సీకి వచ్చి, 1965లో బ్రానిఫ్ విమానాలకు రంగురంగుల పెయింట్లు వేయించి దేశమంతా ఆ పేరు మోగించింది. మాతృసంస్థ ఆమెకు అధ్యక్షురాలి అధికారాలు ఇస్తామంది, ఆ పేరు మాత్రం ఇవ్వలేమంది. లోకం ఇంకా అందుకు సిద్ధంగా లేదన్నది వాళ్లు చెప్పిన సమాధానం. 1966లో ఆమె బయటికొచ్చి వెల్స్ రిచ్ గ్రీన్ స్థాపించింది. బ్రానిఫ్ ఆమె వెంట నడిచింది. రెండేళ్లలో ఆ సంస్థ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీకి అధిపతి అయిన తొలి మహిళ ఆమె. ఈ సంఘటనను దగ్గరగా చూస్తే మన వాదం మొత్తం ఇందులోనే ఉంది. లోకం సిద్ధంగా లేదన్న మాట అన్నది లోకం కాదు, ఒక గదిలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు మగవాళ్లు. క్లయింట్లు ఆమె వెంట వెళ్లారు, మదుపరులు డబ్బు పెట్టారు. కాలం ఎవరి నియామక పత్రం మీదా సంతకం పెట్టదు, ఎవరి పదోన్నతినీ ఆపదు. మనుషులు ఆపుతారు, ఆపి కాలం పేరు చెబుతారు. 'అప్పట్లో అంతే' అనే ప్రేక్షకుడు తనకు తెలియకుండానే ఆ మనుషుల సాకును వాళ్ల తరఫున ఇంకోసారి వినిపిస్తున్నాడు.

నల్లజాతి పాత్రల విషయంలో ప్రేక్షకులు నిలువునా చీలిపోయారు. లిఫ్ట్ నడిపే హాలిస్, ఇంట్లో పనిచేసే కార్లా తప్ప ఏళ్ల తరబడి నల్లవాళ్లే కనబడలేదని కొందరు అసంతృప్తి చెందారు. మాడిసన్ అవెన్యూ అప్పట్లో పూర్తిగా తెల్లవాళ్ల లోకం, ఉన్నది ఉన్నట్టు చూపించారని మరికొందరు సమర్థించారు. తెల్లవాళ్ల లోకమన్న మాట దాదాపు నిజం, పూర్తి నిజం కాదు. యంగ్ అండ్ రూబికమ్ ఏజెన్సీ 1955లోనే రాయ్ ఈటన్ అనే నల్లజాతి సంగీతకారుణ్ణి ప్రకటనల పాటలు కట్టే పనికి తీసుకుంది. 1963లో జె. వాల్టర్ థామ్సన్‌లో సెక్రటరీగా చేరిన కేరొలైన్ జోన్స్ అనే నల్లజాతి యువతి కొన్నేళ్లలోనే అక్కడ కాపీ రైటర్ అయింది. పెగ్గీ నడిచిన దారే, ఇంకా ఎత్తైన గోడ దాటుకుని నడిచింది. 2012లో మొదలైన ఐదో సీజన్ తొలి దృశ్యంలో యంగ్ అండ్ రూబికమ్ కిటికీల నుంచి కొందరు ఉద్యోగులు కింద వీధిలో నిరసన తెలుపుతున్న నల్లవాళ్ల మీద నీళ్ల సంచులు విసురుతారు. తడిసిపోయిన ఒక బాలుణ్ణి వెంటబెట్టుకుని కొందరు స్త్రీలు పైకొచ్చి నిలదీస్తారు. వాళ్ల చివరి మాట మరీ రాసిపెట్టిన డైలాగులా ఉందని, నిజజీవితంలో ఎవరూ అలా మాట్లాడరని కొందరు విమర్శకులు పెదవి విరిచారు. ఆ మాటలు దాదాపు యథాతథంగా 1966 మే 28 నాటి న్యూయార్క్ టైమ్స్ వార్తలోవి. 1917 నాటి ట్యాగ్‌లైన్‌ను 1960లో పుట్టించిన కల్పన కథలో హాయిగా ఇమిడిపోయింది. పత్రికలో అచ్చయిన నిజం మాత్రం కల్పనలా తోచింది. గతం గురించి మన అంచనాకు సరిపడినదాన్నే మనం నిజమని నమ్ముతామనడానికి ఇంతకంటే తేటతెల్లమైన రుజువు ఉండదు.

ఆ ఆఫీసులోనే పనిచేసే జోన్ విషయం అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. రెండో సీజన్‌లో, 1962 నాటి కథలో, ఆమెను పెళ్లాడబోయే డాక్టరు డాన్ ఆఫీసు గదిలోనే ఆమె మీద అత్యాచారం చేస్తాడు. ఆమె వద్దంటుంది, నెడుతుంది, చివరికి సోఫా కింది భాగాన్ని చూస్తూ కదలకుండా ఉండిపోతుంది. ఆ పాత్ర వేసిన క్రిస్టినా హెండ్రిక్స్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆశ్చర్యపోతూ ఒక సంగతి చెప్పింది. ఆ భాగం గురించి తనతో మాట్లాడేవాళ్లు అది ఒక రకంగా అత్యాచారం అన్నట్టుగా, వేళ్లతో గాలిలో కొటేషన్ గుర్తులు పెడుతూ మాట్లాడేవారట. 1962 న్యూయార్క్‌లో భర్తకు మినహాయింపు ఇచ్చిన చట్టం కాబోయే భర్తకు ఇవ్వలేదు. కోర్టులో రుజువు చేయడం ఆ రోజుల్లో దాదాపు అసాధ్యమే, కానీ నేరం నేరమే. ఆ సందేహపు గుర్తులు పెట్టింది 1962 చట్టం కాదు, 2008 ప్రేక్షకులు. వెనకబడినదని మనం జాలిపడే కాలం కంటే మనమే ఒక మెట్టు కింద నిలబడ్డ క్షణమది.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది చరిత్రకారులది. నేటి కొలబద్దతో నిన్నటి మనుషులను కొలవడం చరిత్ర కాదని, అది కేవలం మన గొప్ప చాటుకోవడమని వాళ్లంటారు. ఆ హెచ్చరిక సరైనదే. కానీ ఇక్కడ వాడిన కొలబద్ద ఏదీ మనది కాదు. డాన్‌ను కొలిచింది ఎమర్సన్ ఫుట్‌తో, ఆ డాక్టరును కొలిచింది 1847 నియమావళితో, జోన్‌కు జరిగినదాన్ని కొలిచింది అప్పటి చట్టంతో. ఒక కాలంలో ఉన్న విలువలన్నిటిలోకీ అధమమైనదాన్ని ఎంచి అదే ఆ కాలం విలువ అనడం కూడా కాలదోషమే. అది గతాన్ని గౌరవించినట్టు కనిపిస్తూ గతంలోని మంచివాళ్లను చెరిపేస్తుంది.

రెండో అభ్యంతరం లెక్కలది. ఒక ఫుట్, ఒక మేరీ వెల్స్, ఒక రాయ్ ఈటన్ మినహాయింపులే, మినహాయింపులను బట్టి కాలాన్ని అంచనా వేయలేమని. నిజమే, వాళ్లు కొద్దిమందే. సగటు ఏజెన్సీలో సగటు స్త్రీ టైపు మిషన్ ముందే కూర్చుంది, 1963 సమాన వేతన చట్టం వచ్చాక కూడా తక్కువ జీతమే తీసుకుంది. మినహాయింపులు ఆ కాలం న్యాయమైనదని నిరూపించవు. ఆ కాలంలో న్యాయం సాధ్యమేనని నిరూపిస్తాయి. ఒకరికి సాధ్యమైనది పదిమందికి ఎందుకు కాలేదన్నదే చరిత్ర అడగాల్సిన ప్రశ్న. కాలం అలాంటిదన్న జవాబు ఆ ప్రశ్నను పుట్టకముందే ఆపేస్తుంది. కథ కథే కదా, చరిత్ర పాఠం కాదు కదా అన్నది మూడో అభ్యంతరం. వైనర్ బృందం పాఠం చెప్పడానికి పూనుకోలేదన్నది ఒప్పుకోవచ్చు. 2009 నాటికి ఆ రచయితల్లో ఎక్కువమంది స్త్రీలే, వాళ్లు పెగ్గీకి ఇచ్చిన లోతు వెనక అనుభవం ఉంది. కానీ చూసినవాళ్లు దాన్ని చరిత్రగానే వాడుకున్నారు. 2014 జనవరి 28న చట్టసభల ముందు మాట్లాడుతూ బరాక్ ఒబామా ఆడవాళ్లకు తక్కువ జీతాలిచ్చే పద్ధతులు 'మ్యాడ్ మెన్' కథల్లో ఉండాల్సినవని అన్నాడు. చప్పట్లు మోగాయి. తన కాలపు అన్యాయాన్ని ఎత్తి చూపడానికే ఆయన ఆ మాట వాడాడు. అయితే ఆ పోలికలోనే అన్యాయానికి అసలు చోటు ఆనాడే అన్న భావన ఉండిపోయింది.

ఈ భావన ఎంత పెళుసుదో ఆ వ్యాపారమే చూపించింది. పెగ్గీ ఎదుగుదల చూసి ప్రేక్షకులు సంబరపడుతున్న రోజుల్లోనే, 2012లో, అమెరికన్ ఏజెన్సీల క్రియేటివ్ డైరెక్టర్లలో స్త్రీలు సుమారు 3 శాతమేనని నిలదీస్తూ 'త్రీ పర్సెంట్' పేరుతో ఒక ఉద్యమం మొదలైంది. సిరీస్ ముగిసి ఏడాది తిరక్కుండానే, 2016 మార్చిలో, హెలెన్ రీసర్ స్త్రీల విభాగాన్ని నిలబెట్టిన జె. వాల్టర్ థామ్సన్ సంస్థ ప్రపంచ అధిపతి పదవి నుంచి తప్పుకున్నాడు. స్త్రీల గురించీ, ఇతర జాతుల గురించీ నీచంగా మాట్లాడాడని సంస్థలోని ఒక మహిళా అధికారి అతని మీద దావా వేసింది. ఆ ఆరోపణలను అతను నిరాకరించాడు. ఏ ఆరోపణ ఎంత నిజమన్నది అలా ఉంచండి. అలాంటి దావా 1962కు చెందినదని ప్రేక్షకులు అనుకున్నారు, అది 2016లో నమోదైంది.

పాతకాలపు కథలు చూడటం మానమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మన దగ్గర కూడా గత శతాబ్దపు ఆఫీసులు, బళ్లు, ఆస్పత్రులు, స్టూడియోలు నేపథ్యంగా కథలు వస్తూనే ఉన్నాయి, ఇంకా రావాలి. పాత్రలను ప్రేమించండి, కోప్పడండి, వాదించుకోండి. అప్పట్లో అంతే అనాలనిపించినప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని వద్దన్నవాళ్లు ఆ రోజుల్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల మాట నెగ్గకుండా చేసింది ఎవరు? మొదటి ప్రశ్నకు దాదాపు ఎప్పుడూ అవుననే జవాబు వస్తుంది. రెండోదానికి జవాబు వెతకడం మొదలుపెడితే చరిత్ర చదవడం మొదలైనట్టే.